కెమెరాకు ఫిల్టర్లు ఎలా ఎంచుకోవాలి: ముందు సైజు, తర్వాత రకం, ఆ తర్వాతే డబ్బు

కెమెరా కొన్న కొత్తలో చాలామంది ఆన్‌లైన్‌లో కనబడిన ఫిల్టర్ సెట్ ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు. యూవీ, సీపీఎల్, ఎన్‌డీ, నాలుగైదు రంగు ఫిల్టర్లు, పైన ఒక పౌచ్. ధర చూస్తే బాగా చవక. కొన్నాళ్లకు ఇంకో లెన్స్ వస్తుంది, దాని ముందు భాగం పెద్దది, పాత ఫిల్టర్లు ఒక్కటీ పట్టవు. మళ్లీ కొనాలి. ఇలా మూడు లెన్సులకు మూడు సెట్లు చేరినా, వాటిలో గట్టిగా పనికొచ్చే ఫిల్టర్ ఒక్కటీ ఉండదు. అదే డబ్బుకు రెండు మంచి ఫిల్టర్లు వచ్చేవి, అన్ని లెన్సులకూ సరిపోయేవి. అందుకే ఫిల్టర్ల విషయంలో బ్రాండ్ కంటే ముందు తేల్చుకోవలసింది సైజు.

మీ లెన్సుల సైజులు రాసుకోండి

ప్రతి లెన్స్ ముందు అంచు చూడండి. సున్నాకు అడ్డంగా గీత కొట్టినట్టుండే గుర్తు పక్కన 49, 55, 58, 67, 77 లాంటి అంకె ఉంటుంది. ఆ లెన్స్‌కు పట్టే ఫిల్టర్ సైజు అదే, మిల్లీమీటర్లలో. లెన్స్ మూత లోపలి వైపు కూడా చాలా కంపెనీలు ఇదే అంకె వేస్తాయి. లెన్స్ పేరులో ఉండే 18-55, 50 లాంటివి ఫోకల్ లెంగ్త్, వాటికీ ఫిల్టర్‌కూ సంబంధం లేదు. కెనాన్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్స్‌కు 49 సైజు కావాలి, నికాన్ 50 ఎఫ్/1.8జీ లెన్స్‌కు 58 కావాలి. పేరులో రెండూ 50లే.

ఇప్పుడున్న లెన్సుల కింద, రాబోయే రెండు మూడేళ్లలో కొనాలనుకుంటున్న లెన్స్ సైజు కూడా రాయండి. ఈ ఒక్క లైన్ మీ డబ్బు చాలా మిగులుస్తుంది. ఏపీఎస్-సీ, అంటే చిన్న సెన్సార్ కెమెరాతోనే ఉండిపోతాను అనుకుంటే 67 చాలావరకు సరిపోతుంది. టామ్రాన్ వాళ్లు మిర్రర్‌లెస్ కెమెరాలకు చేసే లెన్సుల్లో చాలావాటికి 67నే పెట్టారు, సిగ్మా 16 ఎఫ్/1.4 కూడా 67నే. ఫుల్‌ఫ్రేమ్‌కు, అంటే పెద్ద సెన్సార్ కెమెరాకు వెళ్లే ఆలోచన ఉంటే 77 గానీ 82 గానీ చూడాలి. కెనాన్ 24-105 ఎఫ్/4, నికాన్ జెడ్ 24-120 ఎఫ్/4 లాంటివి 77. 24-70 ఎఫ్/2.8 లెన్సుల్లో కెనాన్ ఆర్ఎఫ్ అయినా నికాన్ జెడ్ మొదటి వెర్షన్ అయినా సోనీ జీఎం రెండో వెర్షన్ అయినా, 82కి చేరాయి.

మీ లిస్టులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో, ఫిల్టర్లు ఆ సైజులోనే కొనండి. చిన్న లెన్సులకు స్టెప్ అప్ రింగులు వేసుకోవచ్చు. రింగు మీద 58-77 అని ఉంటే, 58 లెన్స్‌కు బిగించి దానిమీద 77 ఫిల్టర్ పెట్టవచ్చని అర్థం. రింగు వందల్లో దొరుకుతుంది, ఫిల్టర్ వేలల్లో ఉంటుంది. దీనికి తిరగేసినది స్టెప్ డౌన్ రింగు, పెద్ద లెన్స్‌కు చిన్న ఫిల్టర్ తగిలించేది. వైడ్ లెన్స్‌కు వేస్తే ఫొటో నాలుగు మూలలూ నల్లబడతాయి, దాని జోలికి వెళ్లకండి.

స్టెప్ అప్ రింగుతో ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్పుకోవాలి. పెద్ద ఫిల్టర్ తగిలించాక ఆ చిన్న లెన్స్ హుడ్ ఇక పట్టదు. ఎండ పక్కనుంచి కొడుతుంటే చేత్తోనో టోపీతోనో లెన్స్‌కు నీడ పట్టాలి. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. పెళ్లిళ్లలో పరుగెత్తుతూ తీసేవాళ్లకు మాత్రం చిరాకే. వాళ్లు ఎక్కువగా వాడే ఒక్క లెన్స్‌కు సొంత సైజులో ఫిల్టర్ కొనుక్కోవడం మేలు.

ఇంకొకటి. కొన్ని అల్ట్రావైడ్ లెన్సుల ముందు గాజు గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది, ఫిల్టర్ బిగించే మరలే ఉండవు. నికాన్ పాత 14-24 ఎఫ్/2.8 ఈ రకం. దానికి 150 మి.మీ. చదరపు ఫిల్టర్లు, ప్రత్యేక హోల్డర్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. అదే నికాన్‌లో జెడ్ 14-30 ఎఫ్/4కు మామూలు 82 ఫిల్టర్ పడుతుంది. వైడ్ లెన్స్ ఇంకా కొనకపోతే, ఎంచుకునేటప్పుడు ఫిల్టర్ ఖర్చు కూడా కలిపి చూడండి.

ఏం తీస్తారో దాన్నిబట్టి ఏ ఫిల్టర్ కావాలో తేల్చుకోండి

యూవీ ఫిల్టర్ గురించి రెండు మాటలు చాలు. ఫిల్మ్ రోజుల్లో దాని పని వేరు. డిజిటల్ సెన్సార్ల ముందు యూవీని ఆపే పొర ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు అది గాజుకు రక్షణ మాత్రమే. సముద్రం తుంపర్లు, దుమ్ము ఉన్నచోట పెట్టుకోండి. రాత్రిపూట వీధి దీపాలు, దీపావళి లైట్లు తీసేటప్పుడు తీసేయండి, లేకపోతే ఒక్కో దీపానికీ ఒక నకిలీ దీపం ఫొటోలో తేలుతుంది.

మొదట కొనవలసింది పోలరైజర్, అంటే సీపీఎల్. మిగతా ఫిల్టర్లు చేసే పని చాలావరకు కంప్యూటర్‌లో ఏదో ఒక దారిలో చేసుకోవచ్చు. పోలరైజర్ చేసే పని అలా కుదరదు. మెరుపు వెనక దాగిన రంగు ఫైల్లో రికార్డే కానప్పుడు, ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

వానాకాలం కుంటాల జలపాతం దగ్గరకో, బొగతకో, తలకోనకో వెళ్లి చూడండి. నల్లరాయి తడిసి తెల్లగా మెరుస్తుంటుంది. చుట్టూ ఆకులు కూడా అంతే, ఒక్కో ఆకు మీద ఆకాశం తెల్లటి మచ్చలా పడి ఉంటుంది. ఫిల్టర్ ముందు రింగును మెల్లగా తిప్పుతూ స్క్రీన్ చూడండి. ఒకచోట ఆ తెల్లదనం తొలగిపోయి రాయి నలుపు, నాచు పచ్చదనం బయటపడతాయి. ఒడ్డు దగ్గర నీళ్ల అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజున కూడా ఇది పనిచేస్తుంది. సీపీఎల్ నీలి ఆకాశానికి మాత్రమే అనుకుని మబ్బు రోజున బ్యాగులో ఉంచేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, దాని అసలు బలం తడి అడవిలోనే ఉంది.

ఆకాశం విషయంలో సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ప్రభావం ఎక్కువ. చూపుడువేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలు దానికి అడ్డంగా నిలబెట్టండి. చూపుడువేలు కదలకుండా చేతిని తిప్పితే బొటనవేలు ఎటు చూపిస్తుందో అటు నీలం బాగా ముదురుతుంది. ఉదయం, సాయంత్రం అయితే ఉత్తర, దక్షిణ దిక్కులు. సూర్యుడికి ఎదురుగా పెట్టి తీస్తే ఆకాశంలో దాదాపు మార్పే ఉండదు. బాగా వైడ్‌గా, ఫుల్‌ఫ్రేమ్‌లో 24 కంటే తక్కువకు వెళితే ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం పట్టీ పడుతుంది, దాన్ని తర్వాత సరిచేయడం కష్టం. చెరువులో కొండ నీడ మీకు కావాలనుకుంటే కూడా ఫిల్టర్‌ను జాగ్రత్తగా తిప్పాలి, ఆ ప్రతిబింబాన్ని కూడా అది తినేస్తుంది. వెలుతురులో ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పోతాయని గుర్తుంచుకోండి, ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగం కావడం.

రెండోది ఎన్‌డీ. ఇది వెలుతురును తగ్గిస్తుంది, అంతే. నీళ్లు, మబ్బులు కదిలినట్టు కనిపించాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, పగటి వెలుతురు దానికి ఒప్పుకోదు, అందుకు ఈ ఫిల్టర్. అంకెలు కంపెనీకో రకంగా రాస్తారు. ఎన్‌డీ8 అన్నా, 0.9 అన్నా, 3 స్టాపులు అన్నా ఒకటే. ఎన్‌డీ64 అంటే 1.8, 6 స్టాపులు. ఎన్‌డీ1000 అంటే 3.0, 10 స్టాపులు. ఎన్‌డీ పక్కన అంకెతో మీ షట్టర్ సమయాన్ని గుణిస్తే కొత్త సమయం వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/11 దగ్గర షట్టర్ సుమారు 1/200 వస్తుంది. ఎన్‌డీ64 పెడితే సెకనులో మూడో వంతు, ఎన్‌డీ1000 పెడితే 5 సెకన్లు. చెట్ల నీడలో జలపాతం దగ్గర ఫిల్టర్ లేకుండానే 1/30 ఉందనుకోండి. సీపీఎల్ తగిలిస్తే 1/8కి దిగుతుంది, దానిమీద ఎన్‌డీ8 వేస్తే 1 సెకను. జలపాతానికి పావు సెకను నుంచి సెకను దాకా నాకు నచ్చుతుంది, ధారలు ధారలుగా విడిగా కనిపిస్తాయి. అక్కడ ఎన్‌డీ64 వేస్తే 8 సెకన్లు, నీళ్లన్నీ కలిసిపోయి తెల్లటి ముద్ద అవుతాయి.

కాబట్టి ఎక్కువగా అడవి, వాగులు తీస్తే ఎన్‌డీ8. సముద్రం మీద పొగమంచులాంటి నునుపు, పరుగెత్తే మబ్బులు కావాలంటే ఎన్‌డీ1000. ఒక్కటే కొనగలను, ఏది అని అడిగితే ఎన్‌డీ64 అంటాను. ఉదయం, సాయంత్రం వెలుతురులో అది సెకన్లలోకి తీసుకెళ్తుంది, మధ్యాహ్నం కూడా అలల కదలిక చూపించడానికి పనికొస్తుంది.

వీడియో తీసేవాళ్ల లెక్క వేరు. 25 ఫ్రేముల వీడియోకు షట్టర్ 1/50 దగ్గర ఉంటే కదలిక సహజంగా ఉంటుంది. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/2.8 అంటే షట్టర్ 1/3200 అడుగుతుంది. 1/50కి రావాలంటే 6 స్టాపులు తగ్గాలి. రంగులు తర్వాత దిద్దుకోవడానికి వాడే లాగ్ మోడ్‌లో కనీస ఐఎస్ఓ 800 అయితే ఇంకో 3 స్టాపులు, మొత్తం 9. బయట ప్రీవెడ్డింగ్ షూట్లు చేసేవాళ్లు వేరియబుల్ ఎన్‌డీ, అంటే తిప్పి నలుపు పెంచుకునే రకం, కొనేముందు ఈ లెక్క చూసుకోవాలి. 2 నుంచి 5 స్టాపుల ఫిల్టర్ వాళ్లకు మిట్టమధ్యాహ్నం చాలదు. వేరియబుల్ ఎన్‌డీ అంటే రెండు పోలరైజర్లు ఒకదానిమీద ఒకటి. చివరిదాకా తిప్పితే, ముఖ్యంగా వైడ్ లెన్స్ మీద, ఫ్రేములో ఇంటూ గుర్తులా నల్లటి చారలు పడతాయి. వీడియోకు దాని సౌకర్యం దానిదే. ఫొటోలకైతే మామూలు ఎన్‌డీ శుభ్రంగా ఉంటుంది.

మూడోది గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ, జీఎన్‌డీ అంటారు. పైసగం నల్లగా, కిందిసగం మామూలు గాజులా పారదర్శకంగా ఉంటుంది. ఆకాశం తెల్లబడి నేల చీకటైపోయే చోట వాడతారు. విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం లాంటి చోట్ల సముద్రపు గీత తిన్నగా ఉంటుంది కనుక ఇది చక్కగా కుదురుతుంది. గండికోట లోయ దగ్గర కొండ అంచులు ఎగుడుదిగుడు, మార్పు మెల్లగా ఉండే సాఫ్ట్ రకం తీసుకోవాలి. చార్మినార్ దగ్గర అసలు వద్దు, మినార్ల పైభాగాలు ఆకాశంతోపాటు నల్లబడిపోతాయి. అలాంటి చోట మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకోవడం నయం. ఈనాటి సెన్సార్లలో రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చని అసలు ఫైల్) తీస్తే నీడల్లోంచి చాలా వివరం తేవచ్చు, అందుకే కొత్తవాళ్లకు జీఎన్‌డీ తొందరేమీ లేదు. అలలు ఉన్నచోట మాత్రం ఒక ఫొటోలో అల ఒకచోట, ఇంకోదానిలో ఇంకోచోట ఉంటుంది, కలపడం తలనొప్పి. అక్కడ జీఎన్‌డీకి ఇంకా విలువుంది.

ఇప్పుడు సిస్టమ్

మరలతో బిగించే గుండ్రటి ఫిల్టర్లు, హోల్డర్‌లో దూర్చే చదరపు ఫిల్టర్లు, అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్లు. మీ ముందున్న దారులు ముఖ్యంగా ఈ మూడు.

సీపీఎల్, ఒకటి రెండు ఎన్‌డీలు మాత్రమే వాడేవాళ్లకు గుండ్రటివి చాలు. చిన్నవి, గట్టివి, హోయా, బీ ప్లస్ డబ్ల్యూ, నిసి, కే అండ్ ఎఫ్ కాన్సెప్ట్ లాంటి చాలా కంపెనీలవి దొరుకుతాయి, రేపు కంపెనీ మార్చినా మరలు మారవు. రింగు ఇత్తడిదైతే అల్యూమినియం కంటే తక్కువ పట్టేస్తుంది. స్లిమ్ రకం కొనేటప్పుడు ముందువైపు మరలు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే దానిమీద ఇంకోటి ఎక్కించలేరు, కొన్నిటికి లెన్స్ మూత కూడా పట్టదు.

చదరపు పద్ధతిని 1970ల చివర్లో అందరికీ అలవాటు చేసింది ఫ్రాన్స్ కంపెనీ కోకిన్. ఇప్పుడు లీ, నిసి, కేస్ లాంటి కంపెనీలు ఎక్కువగా 100 మి.మీ. వెడల్పులో చేస్తున్నాయి, చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలకు 75 మి.మీ. సెట్లు కూడా ఉన్నాయి. దీని ప్రయోజనం ఒక్కటే, కానీ పెద్దది: జీఎన్‌డీని పైకీ కిందికీ జరిపి సరిగ్గా సముద్రపు గీత మీద నిలపవచ్చు. గుండ్రటి జీఎన్‌డీలో గీత ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది, ఫ్రేమును దాని ప్రకారం మీరు మార్చుకోవాలి, కాబట్టి అది కొనకండి. చదరపు సెట్‌తో బరువు, సర్దుకునే టైమ్, రాళ్లమీద పడితే పగిలే గాజు, గాలికి అదిరే హోల్డర్ కూడా వస్తాయి. ట్రైపాడ్ వేసి, ఒక్క ఫ్రేము కోసం అరగంట నిలబడే ఓపిక మీకుంటే ఇది మీదే. జీఎన్‌డీ అవసరం లేనివాళ్లు దీనిమీద డబ్బు పెట్టనక్కర్లేదు.

అయస్కాంతపు సెట్లో లెన్స్‌కు ఒక రింగు బిగించి వదిలేస్తారు, ఫిల్టర్లు టక్కున అతుక్కుంటాయి, టక్కున వస్తాయి. చలిలో, వానలో, చీకట్లో మరలు తిప్పే బాధ లేదు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. కాకపోతే ఒక కంపెనీ ఫిల్టర్ ఇంకో కంపెనీ రింగుకు సరిగా కూర్చోకపోవచ్చు, కాబట్టి ఆ కంపెనీలో మీకు కావలసిన సైజు, సీపీఎల్, ఎన్‌డీ అన్నీ ఉన్నాయా అని చూసుకునే దిగండి. పొదలు, కొమ్మల మధ్య నడిచేటప్పుడు ఫిల్టర్ తీసి పౌచ్‌లో పెట్టుకోండి, తగిలితే ఊడిపోతుంది.

ఇంటికొచ్చాక, రిటర్న్ గడువులోపే పరీక్షించండి

వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌కు మార్చండి, ఆటోలో ఉంచితే తేడా దాక్కుంటుంది. బయట నీడలో తెల్ల కాగితాన్ని ఫిల్టర్ లేకుండా ఒకటి, ఫిల్టర్‌తో ఒకటి, రెండూ సమాన వెలుతురు వచ్చేలా తీయండి. ఎన్‌డీ ఫొటో కాస్త వెచ్చగానో చల్లగానో ఉంటే రా ఫైల్లో సరిచేసుకోవచ్చు. బాగా ఎర్రగా, ఊదాగా మారితే, ముఖ్యంగా నల్ల బట్టలు గోధుమరంగులో కనిపిస్తే, ఆ ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపడం లేదు. దాన్ని వెనక్కి పంపేయండి.

సీపీఎల్‌ను ల్యాప్‌టాప్ స్క్రీన్ ముందు పట్టుకుని, మరల వైపు మీ కంటికి ఉండేలా పెట్టి తిప్పండి. ఒకచోట స్క్రీన్ దాదాపు నల్లగా అయిపోవాలి. ముందు రింగు ఎక్కడా పట్టకుండా, జారిపోకుండా తిరగాలి. తర్వాత మీ లెన్సులో అన్నిటికంటే వైడ్ దగ్గర పెట్టి తెల్లగోడ తీసి నాలుగు మూలలూ చూడండి. చివరిగా టెలీ లెన్స్‌తో దూరంగా ఉన్న బోర్డు అక్షరాలను ఫిల్టర్‌తో, లేకుండా తీసి పెద్దది చేసి పోల్చండి. చవక గాజు లోపం టెలీ దగ్గర ఇట్టే దొరికిపోతుంది.

మొదటిసారి ఎన్‌డీ వాడేటప్పుడు

ఎన్‌డీ1000 పెట్టాక కెమెరాకు ఫోకస్ దొరక్కపోవచ్చు. అందుకని ఫిల్టర్ లేకుండానే ట్రైపాడ్ మీద ఫ్రేము కుదుర్చుకోండి, ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చండి, షట్టర్ ఎంత వచ్చిందో చూసి గుణించండి. మాన్యువల్ మోడ్‌లో ఆ సమయం పెట్టి, అప్పుడు ఫిల్టర్ తగిలించండి. 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (మీరు ఆపేదాకా షట్టర్ తెరిచి ఉండేది), ఫోన్‌లో టైమర్. రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్ పెడితే వేలు తగిలి కదలదు. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌ను ఏదైనా బట్టతో కప్పండి, అటునుంచి కూడా వెలుతురు లోపలికి వెళుతుంది.

ఎన్‌డీ1000 పెట్టుకుని డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి. గ్రహణం రోజున అసలు వద్దు. కంటికి చీకటిగానే ఉన్నా హాని చేసే కిరణాలు దాటి వస్తాయి. సూర్యుణ్ణి తీయడానికి 5.0 డెన్సిటీ ఉన్న ప్రత్యేక సోలార్ ఫిల్టర్ ఉంటుంది, వెలుతురును లక్షో వంతుకు తగ్గిస్తుంది. వ్యూఫైండర్‌లోంచి కంటితో చూడటానికి కూడా పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి, కొన్ని ఫొటోకు మాత్రమే.

బీచ్ నుంచి వచ్చాక ఫిల్టర్‌ను పొడి గుడ్డతో రుద్దవద్దు, ఇసుక, ఉప్పు కలిసి గాజును గీరేస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత మంచినీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దండి, ఆరాకే మైక్రోఫైబర్. ఫిల్టర్ పట్టేసి రాకపోతే ఇంకా గట్టిగా నొక్కకండి, నొక్కినకొద్దీ రింగు వంగి మరింత బిగుస్తుంది. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండ్ వేసి, రెండు అరచేతులతో తేలిగ్గా పట్టుకుని తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.